గేట్‌మ్యాన్ బొమ్మ, కర్తృత్వ సమస్య

భగవద్గీత చివరి అధ్యాయం ముగింపునకు వస్తున్న ఘట్టంలో, 61వ శ్లోకంలో, ఈశ్వరుడు సర్వభూతాల హృదయాల్లో నిలిచి, యంత్రం మీద ఎక్కి ఉన్నవాటిని తిప్పినట్టుగా వాటిని తన మాయచేత తిప్పుతున్నాడన్న ఉపమానం ఒకటి వస్తుంది. యంత్రం మీద ఎక్కి ఉన్నవి ఎటువంటివో స్పష్టం చేయడానికి శంకరాచార్యులు తమ భాష్యంలో కొయ్యతో చేసిన మనుషుల బొమ్మలను ఉదాహరణగా చూపారు. ఉపమానాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే జీవుడి చేతిలో ఏమీ లేదని తేలుతుంది. కదులుతున్నట్టు కనిపించేది బొమ్మ, కదిలించేది మరొకటి. అయితే సరిగ్గా రెండు శ్లోకాల తరువాత, 63వ శ్లోకంలో, ఆ మాట చెప్పిన కృష్ణుడే అర్జునుడితో, తాను బోధించినదంతా ఏమీ మిగలకుండా విమర్శించి చూసుకొని ఆపైన ఇష్టం వచ్చినట్టు చేయమంటాడు. యంత్రం మీద తిరిగే కొయ్యమనిషిని ఆలోచించుకొమ్మని ఎవరూ అనరు. ఒక పని జరిగినప్పుడు దానిని చేసినవాడు ఎవడు, అతడే చేశాడని అనడానికి ఆధారం ఏది అన్న ప్రశ్నను కర్తృత్వ సమస్య అనవచ్చు. ఈ రెండు శ్లోకాలకూ పొత్తు కుదర్చడం ఎలా అన్నది ఆ సమస్యకు గీతలో కనిపించే అతి తీవ్రమైన రూపం.

ఉపమానాన్ని తూచి చూడాలంటే ఉపమానంగా తెచ్చిన వస్తువు ఎదురుగా ఉండాలి. శంకరుల కాలపు కొయ్యమనుషులు, వాటిని తిప్పిన యంత్రాలు నేటి పాఠకుడికి చూడడానికి దొరకవు. తెర వెనుక ఆటగాడు పట్టుకొని ఆడించే తోలుబొమ్మలు తెలుగువారికి బాగా తెలిసినవే గాని, వాటి ప్రతి కదలిక వెనుకా ఒక మనిషి చెయ్యి ఉంటుంది, గీత మాట్లాడుతున్నదేమో యంత్రం గురించి. చేతి ప్రమేయం లేకుండా సమయానికి తానే బయటికి వచ్చి, పని ముగించుకొని తానే లోపలికి పోయే మనిషి బొమ్మ కావాలంటే, ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికా ఇళ్లలో పిల్లలూ పెద్దలూ ఆడుకున్న విద్యుత్ బొమ్మ రైళ్ల దగ్గరకు వెళ్లడం ఉపయోగకరం. తత్త్వచర్చకు ఇది మరీ తేలికపాటి వస్తువని కొందరికి తోచవచ్చు. కుండ, వస్త్రం, తాడు, ఆలిచిప్ప వంటి వాటితోనే భారతీయ దర్శనాలు తమ పెద్ద వాదాలన్నీ నడిపాయి గనుక ఆ సంకోచం అక్కరలేదు.

జాషువా లయొనెల్ కోవెన్ 1900లో న్యూయార్కులో స్థాపించిన లయొనెల్ సంస్థ మొదట దుకాణాల అద్దాల వెనుక తిరుగుతూ దారిన పోయేవారిని ఆకర్షించే చిన్న విద్యుత్ బండిని తయారుచేసి, కొద్ది సంవత్సరాల్లోనే ఇళ్లలో నడుపుకునే రైళ్లకు పేరు తెచ్చుకుంది. 1915 నుంచి ఆ సంస్థ అమ్మిన ఓ గేజ్ రైళ్లకు, అంటే వెలుపలి పట్టాల మధ్య అంగుళంపావు ఎడం ఉండే కొలతకు చెందిన రైళ్లకు, దారి మూడు పట్టాలతో ఉంటుంది: నడిమి పట్టాలో నుంచి ఇంజనుకు విద్యుత్తు అందుతుంది, అది తిరిగి పోవడానికి రెండు వెలుపలి పట్టాలూ పనికి వస్తాయి. నిజమైన రైలుదారికి మూడో పట్టా ఉండదని తప్పు పట్టినవారు చాలామంది ఉన్నారు గాని, ఈ అసహజమైన మూడో పట్టాయే ముందు రాబోయే చర్చకు ఆధారం. బల్ల మీద పట్టాలు, స్టేషన్లు, వంతెనలు, కొండలు అమర్చి ఇంట్లో కట్టుకునే రైలు ప్రపంచాన్ని లేఅవుట్ అంటారు. దానిలో రైలు, పట్టాలు కాక మిగిలిన కదిలే, వెలిగే వస్తువులకు యాక్సెసరీలని పేరు. వాటిలో 1935లో వచ్చిన 45వ నంబరు గేట్‌మ్యాన్ ప్రసిద్ధమైనది. లెవెల్ క్రాసింగ్ పక్కన ఒక చిన్న గది, దానికో తలుపు. రైలు దగ్గరకు రాగానే తలుపు తెరుచుకొని చేతిలో లాంతరుతో ఒక మనిషి బయటికి వస్తాడు, రైలు దాటిపోగానే లోపలికి వెళ్లిపోతాడు. 1950లో దీనికి 145వ నంబరుతో కొత్త రూపం వచ్చింది. బొమ్మ మనిషి పక్కనున్న పెట్టెలతో పోలిస్తే బాగా పెద్దవాడు, నిలబడితే బోగీని మించేలా కనిపిస్తాడు. ఆ నిష్పత్తి లోపాన్ని కొన్న పిల్లలు పట్టించుకోలేదు, నేటి సేకర్తలు దానినే ముద్దుగా భావిస్తారు.

పాత గేట్‌మ్యాన్‌ను నేటి లేఅవుట్ మీద పెట్టేవారు మొదట చేసేది దానిని విప్పి చూడడం. లోపల సోలినాయిడ్ ఉంటుంది, అంటే రాగితీగను గొట్టం చుట్టూ చుట్టి చేసిన విద్యుదయస్కాంతం. తీగలో విద్యుత్తు పారినంతసేపు అది ఒక ఇనుపకడ్డీని లోపలికి లాగి పట్టుకుంటుంది, ఆ లాగుడు ఒక మీట ద్వారా తలుపుకూ మనిషికీ అందుతుంది, విద్యుత్తు ఆగగానే కడ్డీ వెనక్కి వచ్చి మనిషి గదిలోకి చేరతాడు. దశాబ్దాల క్రితం వేసిన కందెన గట్టిపడి కడ్డీని పట్టేస్తుంది గనుక దానిని తుడిచి పొడిగా ఉంచాలి. తీగల మీది పూత పెళుసుబారి రాలిపోతుంది గనుక తీగలు మార్చాలి. తరువాత వచ్చేది ముఖ్యమైన పని: ఒక వెలుపలి పట్టా ముక్కను మిగిలిన దారి నుంచి విద్యుత్పరంగా వేరు చేయడం. ముక్కకు రెండు చివరల ఉన్న లోహపు మేకులు తీసి, విద్యుత్తును పోనివ్వని ఫైబరు మేకులు పెడతారు, ఆ పట్టాకూ కింది ఇనుప స్లీపర్లకూ మధ్య కాగితం వంటి పలుచని పొర దూరుస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయలుదేరిన తీగ గేట్‌మ్యాన్ దగ్గరకు వెళ్లి, అక్కడి నుంచి ఈ ఒంటరి పట్టా దగ్గర ఆగిపోతుంది. వలయం పూర్తికాదు గనుక బొమ్మ కదలదు. రైలు ఆ ముక్క మీదికి వచ్చినప్పుడు లోహపు చక్రాలూ ఇరుసులూ ఒంటరి పట్టాను ఎదుటి పట్టాతో కలుపుతాయి, వలయం పూర్తవుతుంది, మనిషి బయటికి వస్తాడు. పట్టాను వేరు చేయడం ఇష్టం లేనివారికి 153సి నంబరు కాంటాక్టర్ అనే మరో సాధనం ఉంది. అది దారి కింద కూర్చొని, రైలు బరువుకు కిందికి నొక్కుకొని, వలయాన్ని పూర్తిచేస్తుంది. దాని బిగింపు మరను రైలు బరువుకు సరిపోయేలా తిప్పుకోకపోతే తేలిక రైలు వెళ్లినప్పుడు గేట్‌మ్యాన్ గది విడిచి రాడు, లేదా రైలేదీ లేకపోయినా బయటే నిలబడి ఉంటాడు.

ఇప్పుడు ఆ లాంతరును ఊపినవాడు ఎవడని అడగవచ్చు. గీత 18వ అధ్యాయమే, యంత్రపు ఉపమానానికి చాలా ముందు, 14వ శ్లోకంలో, ఏ కర్మ జరగడానికైనా అయిదు కారణాలు ఉండాలంటుంది: అధిష్ఠానం, కర్త, కరణం, వివిధ చేష్టలు, అయిదవది దైవం. శంకరుల వివరణలో అధిష్ఠానం అంటే ఇచ్ఛాద్వేషాలకు నెలవైన శరీరం, కర్త అంటే ఉపాధితో కూడి అనుభవించే భోక్త, కరణాలు అంటే ఇంద్రియాలు, చేష్టలు అంటే ప్రాణాపానాది వాయువుల కదలికలు, దైవం అంటే కన్ను మొదలైన వాటికి తోడ్పడే ఆదిత్యాది దేవతలు. ఈ పట్టికను గేట్‌మ్యాన్‌కు అన్వయించి చూస్తే నాలుగు గదులు సులువుగా నిండుతాయి. బల్ల, దాని మీది చిన్న గది, బొమ్మ మనిషి ఒళ్లు కలిసి అధిష్ఠానం. తీగచుట్ట, మీట, ఒంటరి పట్టా కరణాలు. కడ్డీ లాగుడు, తలుపు తెరుచుకోవడం, లాంతరు ఊగడం చేష్టలు. ఇవన్నీ సరిగా ఉన్నా కూడా పట్టా మీద పేరుకున్న మురికి, గోడలోని ప్లగ్గుకు సరఫరా ఆగిపోవడం వంటి, ఏర్పాటుకు వెలుపలి అనుకూల ప్రతికూలాలను అయిదవ దాని కింద వేయడంలో శాస్త్రానికి పెద్ద అపచారం లేదు. రెండవ గది మాత్రం ఖాళీగా మిగులుతుంది.

ఆ గదికి హక్కుదారులు లేకపోలేదు. రైలే గేట్‌మ్యాన్‌ను బయటికి పిలిచిందని చూసేవారందరూ అనుకుంటారు. కాని రైలు చేసినదల్లా ఆ చోటి మీద ఉండడమే, ఇంజనుకు బదులు ఒక ఇనుప ఇరుసును చేత్తో ఆ పట్టాల మీద అడ్డంగా పెట్టినా మనిషి అంతే శ్రద్ధగా వచ్చి లాంతరు ఊపుతాడు. న్యాయదర్శనంలో అన్యథాసిద్ధం అన్న భావన ఒకటి ఉంది: కార్యానికి ముందు నియమంగా కనిపించినా కార్యం పుట్టడానికి అక్కరలేనిదాన్ని కారణాల నుంచి తప్పిస్తారు, కుండకు మట్టి మోసుకొచ్చిన గాడిదను తప్పించినట్టు. రైలులోని రైలుతనం, దాని ఆవిరి ఇంజను రూపం, బోగీల మీది పేర్లు, అన్నీ ఈ విధంగా తప్పిపోయేవే. మిగిలేది లోహం వాహకమన్న ఒక్క గుణం. లయొనెల్ కర్మాగారం ఆ స్థానాన్ని అడగవచ్చు. దాని పని బొమ్మ పెట్టెలోకి చేరినప్పుడే ముగిసింది, ఈ సాయంత్రం ఈ బల్ల మీద జరిగిన ఊపుడుకు అది దూరకారణం మాత్రమే. చివరి హక్కుదారు ఇంటి యజమాని: పట్టా విడదీసినది, తీగలు కలిపినది, ట్రాన్స్‌ఫార్మర్ పిడి తిప్పినది ఆయనే. అయితే ఆయన మరో గదిలో కాఫీ తాగుతుండగా కూడా గేట్‌మ్యాన్ రైలు వచ్చిన ప్రతిసారీ బయటికి వస్తూనే ఉంటాడు. కర్మ జరిగే క్షణంలో దాని మీద ధ్యాసే లేనివాణ్ణి ఆ కర్మకు కర్త అనడం లోకంలోనూ శాస్త్రంలోనూ కుదరదు. వ్యవస్థ చేసినవాడన్నంత వరకే ఆయనకు చెల్లుతుంది.

ఇక్కడ లయొనెల్ యాక్సెసరీల్లోనే ఉన్న ఒక పాత విభజన అక్కరకు వస్తుంది. గేట్‌మ్యాన్, గేటు కర్ర, ఎర్రదీపాలు వంటివి రైలు రాకతో వాటంతట అవే పనిచేస్తాయి. 1938లో వచ్చిన 97వ నంబరు బొగ్గు ఎలివేటరు వంటివి, 1947లో వచ్చి ఎంతో పేరు తెచ్చుకున్న పాలబోగీ వంటివి, ఆడేవాడు మీట నొక్కితేనే కదులుతాయి. పాలబోగీ తలుపు తీసుకొని తెల్లకోటు మనిషి ఒక్కొక్క పాలడబ్బానూ ప్లాట్‌ఫారం మీదికి తోస్తాడు. మీట మీద వేలు లేకపోతే ఆ మనిషి తలుపు వెనుకే ఉండిపోతాడు. పదకొండవ శతాబ్దం చివర ఇస్లామీయ తత్త్వవేత్త గజాలీ, పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త మాల్‌బ్రాంష్ లోకమంతా ఈ రెండో రకానికి చెందినదన్నారు: నిప్పు తగిలి దూది కాలడం లేదు, తగిలిన ప్రతి సందర్భంలోనూ దేవుడే కాలుస్తున్నాడు. వస్తువుల కలయిక సందర్భం మాత్రమే, శక్తి అంతా మీట నొక్కేవాడిది అన్న ఈ వాదాన్ని సందర్భవాదం అనవచ్చు. జర్మన్ తత్త్వవేత్త లైబ్నిట్స్ దీనిని ఒప్పుకోక, దేవుడు ప్రతిసారీ చెయ్యి పెట్టనక్కరలేదని, ఒకే వేళ చూపే రెండు గడియారాల్లా మనస్సూ శరీరమూ మొదటి నుంచీ పొంతన కుదర్చబడి ఉన్నాయని అన్నాడు. ఆయన లేఅవుట్‌లో రైలుకూ గేట్‌మ్యాన్‌కూ మధ్య తీగే ఉండదు, ఇద్దరూ ఎవరి గడియారం ప్రకారం వారు నడుస్తూ కూడా ఎన్నడూ తప్పిపోరు. నిజమైన లేఅవుట్‌లో తీగ ఉంది. గీత ఉపమానం కూడా ఈ మూడో పక్షానికే దగ్గరగా ఉంటుందని అనడం సబబు, ఎందుకంటే అక్కడ తిప్పేది ఈశ్వరుడే అయినా మాయచేత అన్న సాధనం, యంత్రం అన్న మధ్యవర్తి రెండూ చెప్పబడ్డాయి. ప్రతి కదలికకూ ప్రత్యేక సంకల్పం ఉందని శ్లోకం అనలేదు.

మధ్యవర్తి ఉన్నదని ఒప్పుకుంటే, ఒకే శక్తి ఇన్ని రకాల పనులు ఎలా చేయిస్తుందన్న ప్రశ్న వస్తుంది. అనుభవం ఉన్నవారు యాక్సెసరీలకు రైలుతో సంబంధం లేని వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి పన్నెండు పద్నాలుగు వోల్టుల స్థిరమైన సరఫరా ఇస్తారు, లేకపోతే రైలు వేగం మార్చిన ప్రతిసారీ స్టేషను దీపాలు మసకబారి మళ్లీ వెలుగుతాయి. ఆ ఒక్క సరఫరాతో గేట్‌మ్యాన్ బయటికి వస్తాడు, 394వ నంబరు బీకన్ స్తంభం మీది దీపం వెలుగుతుంది, ఆ దీపం వేడికే దాని చుట్టూ ఉన్న రంగుటద్దాల టోపీ మెల్లగా తిరుగుతుంది. 1949లో వచ్చిన పశువుల బోగీ, దానితోటి దొడ్డి మరీ విచిత్రమైనవి: విద్యుత్తు దొడ్డి నేలను సన్నగా వణికిస్తుంది, ఆ వణుకును ఆవుల అడుగుభాగం ముందుకు నడకగా మార్చుకుంటుంది. వణుకు అన్నింటికీ ఒకటే. ఒక ఆవు చక్కగా బోగీ ఎక్కుతుంది, ఒకటి మలుపు దగ్గర గోడకు మూతి పెట్టి నిలబడుతుంది, ఒకటి పడిపోయి వెనక వచ్చేవాటికి దారి కడుతుంది. బ్రహ్మసూత్రాలు 2వ అధ్యాయం 1వ పాదంలో, లోకంలో కొందరు సుఖులు కొందరు దుఃఖులు గనుక సృష్టికర్తకు పక్షపాతం, క్రూరత్వం అంటుతాయన్న ఆక్షేపణకు జవాబిస్తూ, ఈశ్వరుడు జీవుల కర్మను అపేక్షించి సృష్టిస్తాడు గనుక ఆ దోషాలు లేవంటాయి. అక్కడ శంకరులు వానను ఉదాహరణగా తెస్తారు. వాన వరికీ యవలకూ సాధారణ కారణం, ఏ మొలక ఏదిగా పెరుగుతుందన్నది ఆయా విత్తనాల్లోని అసాధారణ శక్తిని బట్టి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వాన స్థానంలో ఉంది, ఆవు అడుగుభాగపు అరుగుదల విత్తనం స్థానంలో ఉంది. ఈ పోలిక ఎంత దూరం వెళ్తుందో అంత దూరమూ బాగానే ఉంది. కాని అరుగుదల ఆవు చేసుకున్న పనులకు ఫలితమని చెప్పడానికి వీలులేదు, కర్మసిద్ధాంతమేమో సరిగ్గా ఆ మాటే చెప్పాలి. బొమ్మల్లో అసాధారణ కారణం ఉంది, దానికి బాధ్యత వహించే ఆవు లేదు.

యజమాని ఈశ్వరుడికి నమూనా కాగలడా అన్న ఊహకు ఒక చరిత్ర కూడా ఉంది. పెన్సిల్వేనియాలో 1741 నాటి క్రిస్మస్ ముందురాత్రి బెత్లెహెం అని పేరు పెట్టుకున్న ఊరి మొరేవియన్ క్రైస్తవులు క్రీస్తు జననదృశ్యం చుట్టూ నాచు, కొయ్యబొమ్మలు, చిన్న ఇళ్లు పేర్చి చేసే అలంకరణను పుట్స్ అంటారు. అటువంటి అలంకరణలకు ఇరవయ్యవ శతాబ్దంలో విద్యుత్ రైలు వచ్చి చేరింది; క్రిస్మస్ చెట్టు చుట్టూ రైలు తిరగడం అమెరికాలో ఆచారమైంది, బాల్టిమోర్ ప్రాంతపు అగ్నిమాపక కేంద్రాల్లో పండుగకు రైళ్ల తోటలు కట్టి ప్రజలకు చూపడం కూడా అక్కడి వాడుక. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు తీర్చే తెలుగు ఇళ్లకు ఈ భావం కొత్తది కాదు, కొలువు కింది మెట్టు దగ్గర తోట, చెరువు, కొన్నిచోట్ల బొమ్మ రైలు కూడా కనిపిస్తాయి. దేవుడి పుట్టుక దృశ్యం చుట్టూ మనిషి తన చేతులతో ఒక చిన్న లోకం చేసి నడపడంలో భక్తీ ఉంది, చిన్నపాటి సృష్టికర్త సరదా కూడా ఉంది, రెండింటినీ విడదీయబోవడం అనవసరం.

అయితే సృష్టి ఎందుకన్న చోట నమూనా దెబ్బతింటుంది. కోరికలన్నీ తీరినవాడికి సృష్టితో పని ఏమిటన్న ఆక్షేపణకు బ్రహ్మసూత్రాల జవాబు లీల, అంటే ఏ ప్రయోజనాన్నీ ఆశించని ఆట. శంకరులు కోరికలు తీరిన రాజు వినోదాన్ని, ఉచ్ఛ్వాస నిశ్వాసాలను ఉదాహరణగా చూపారు. పాత బొమ్మ రైళ్ల యజమాని ఆట ఆ కోవకు చెందదు. చిన్ననాడు కొనలేకపోయినదాన్ని పెద్దయ్యాక కొనడం, 145వ నంబరు పెట్టె అట్టతో సహా దొరికితే దాని ధరకు జంకకపోవడం, ఒకే పొడవు ఊపుకోసం వారాల తరబడి మర సవరించడం, ఇవన్నీ తీరని కోరికల లక్షణాలే. పైగా ఆయన నిమిత్తకారణం మాత్రమే, కుండకు కుమ్మరి వంటివాడు. వేదాంతంలోని ఈశ్వరుడు కుమ్మరీ, మట్టీ రెండూ తానే. యజమాని లోహపు వాహకత్వాన్ని సృష్టించలేదు, దానికి లోబడ్డాడు. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు వాడినప్పుడు వాటి ఫేజులు ఒకటి కావాలి, అంటే రెండింటి ప్రవాహాలూ ఒకే లయలో ఎగసి దిగాలి. అవి ఎదురుగా ఉంటే ఉమ్మడి తీగల మధ్య వోల్టేజి పెరిగి ప్రమాదం వస్తుంది గనుక ఒక ప్లగ్గును తిరగేయవలసి ఉంటుంది. తన లోకంలో ఏది జరగాలో నిర్ణయించేవాడు కూడా ప్లగ్గు ఏ వైపు తిరగాలో తాను నిర్ణయించలేడు.

తిరిగి కర్త దగ్గరకు వస్తే, బొమ్మ ఉపమానం భారతీయ గ్రంథాల్లో ఏయే చోట్ల వస్తుందో గమనించడం ఎంతో తెలుపుతుంది. గీతలో దాన్ని విన్నవాడు ధనుస్సు జారవిడిచి కూర్చున్న అర్జునుడు. భాగవతం షష్ఠ స్కంధంలో, తెలుగులో ఏర్చూరి సింగన రచించిన స్కంధంలో, ఈ ఉపమానమే వృత్రాసురుడి నోట వస్తుంది: జీవులు కొయ్యతో చేసిన స్త్రీబొమ్మలా ఈశ్వరాధీనులని అతడు చెప్పేది ఇంద్రుడికి, వృత్రుడి దెబ్బకు వజ్రాయుధం చేయిజారి పడితే దాన్ని తీసుకోవడానికి సిగ్గుపడి నిలుచున్న శత్రువుకు, చెప్పి, ఇది విషాదానికి సమయం కాదు, ఆయుధం తీసుకొని కొట్టమంటాడు. రెండు చోట్లా యుద్ధభూమే, రెండు చోట్లా విన్నవాడు పని మానినవాడే, రెండు చోట్లా ఆ మాట విన్నాక అతడు ఆయుధం పట్టినవాడే. జీవుడు బొమ్మ అన్న వాక్యం నిష్క్రియత్వాన్ని బోధించాలన్నది ఆధునిక పాఠకుడి ఊహ. గ్రంథాలు దాన్ని ఓటమి భారం, గెలుపు గర్వం రెండింటినీ దించడానికి వాడాయి. కేవలమైన ఆత్మనే కర్తగా చూసేవాడు సరిగా చూడడం లేదని గీత 18వ అధ్యాయం 16వ శ్లోకం అనడంలోని తాత్పర్యం కూడా ఇదే: అయిదింటిలో ఒకటైన దాన్ని అయిదింటికీ యజమానిని చేయడం తప్పు, ఆ ఒక్కటీ లేదని ఆ శ్లోకం అనలేదు.

గేట్‌మ్యాన్‌కూ అర్జునుడికీ తేడా కదిలించబడడంలో లేదు, ఇద్దరూ కదిలించబడుతున్నవారేనని గీత ఒప్పుకుంటుంది. గేట్‌మ్యాన్ గది ముందు నిలబడి నువ్వు యంత్రారూఢుడివని ఎంత స్పష్టంగా చెప్పినా సోలినాయిడ్ లాగుడులో ఏ మార్పూ రాదు. అర్జునుడికి చెబితే ఆ చెప్పడం అతడి తరువాతి కర్మకు కారణాల్లో ఒకటిగా చేరుతుంది. తనను తిప్పుతున్న కారణాల జ్ఞానమే తన కారణాల్లో చేరగల వస్తువుకు బొమ్మతో పోలిక అక్కడితో ఆగిపోతుంది, 61వ శ్లోకం నుంచి 63వ శ్లోకానికి దారి అక్కడి నుంచే ఉంది. విమర్శించి చూసుకొమ్మన్న ఆజ్ఞ యంత్రం వెలుపలికి రమ్మన్న పిలుపు కానక్కరలేదు. విమర్శ కూడా యంత్రంలో ఒక భాగం కావచ్చు, అయితే అది గేట్‌మ్యాన్‌లో లేని భాగం. బ్రహ్మసూత్రాలు 2వ అధ్యాయం 3వ పాదంలో జీవుడు కర్తేనని, లేకపోతే శాస్త్రవిధులకు అర్థం ఉండదని చెప్పడం ఈ కోణంలో చూస్తే బలంగా కనిపిస్తుంది: ఆజ్ఞ విని మారగలవాడికే ఆజ్ఞ.

దీనికి నేటి యుక్తివాది ఒక జవాబు చెప్పగలడు. కొత్త లేఅవుట్లలో మాట వినిపిస్తే స్పందించే పరికరం పెట్టడం కష్టం కాదు, అటువంటి గేట్‌మ్యాన్ మాట విని తన నడత మార్చుకుంటాడు గనుక అతడికీ కర్తృత్వం వచ్చిందా అని అడగవచ్చు. పాత బొమ్మలను ఉదాహరణగా ఎంచుకోవడంలో లాభం ఇక్కడే ఉంది, వాటిలో కారణం దాగి ఉండదు, గుంయిమని మోగుతూ తన ఉనికి చెబుతుంది, కొత్తవాటిలో చిప్పులో దాగి భ్రమకు తావిస్తుంది. కాని ఆక్షేపణను అంతటితో తోసివేయడం న్యాయం కాదు. శంకరులు ఆ అయిదింటిలో కర్తను వివరిస్తూ వాడిన మాట భోక్త. చేసినందుకు దానివల్ల సుఖమో దుఃఖమో పొందేవాడు. రైలు ఒంటరి పట్టా మీద ఆగిపోతే గేట్‌మ్యాన్ లాంతరు పట్టుకొని గంటల తరబడి బయటే నిలుస్తాడు, తీగచుట్ట వేడెక్కి చివరికి మాడిపోతుంది. మాడిపోవడం జరుగుతుంది, అది ఎవరికీ నొప్పి కాదు. మాట వినగల గేట్‌మ్యాన్‌కు అది నొప్పి అవుతుందా అన్నది తేలేవరకు రెండవ గదిని అతడికి ఇవ్వడం తొందరపాటు.

అర్జునుడికి ఆ గదిని ఎలా ఇవ్వాలన్న దగ్గర ఆచార్యులు విడిపోతారు. బ్రహ్మసూత్రాల మీది శ్రీభాష్యంలో రామానుజులు జీవుడి కర్తృత్వం నిజమైనదే అయినా పరమాత్మ అనుమతి లేనిదే అది సాగదంటూ, ఇద్దరి ఉమ్మడి ఆస్తిని ఒకరు మరొకరికి ఇవ్వాలంటే రెండవవారి అనుమతి కావలసి రావడాన్ని ఉదాహరణగా చూపారు. మొదటి ప్రయత్నం జీవుడిది, అనుమతి ఈశ్వరుడిది. శంకరులు బ్రహ్మసూత్రాల 2వ అధ్యాయం 3వ పాదంలోనే వచ్చే వడ్రంగి ఉదాహరణతో మరోలా చెప్పారు: బాడిస మొదలైన పనిముట్లు చేతపట్టినంతసేపు వడ్రంగి కర్త, శ్రమపడేవాడు, ఇంటికి వచ్చి వాటిని పక్కన పెట్టాక అతడే ఏమీ చేయనివాడు, సుఖంగా ఉన్నవాడు. కర్తృత్వం ఉపాధి వల్ల వచ్చినది, దించిపెట్టదగినది. రామానుజుల దృష్టిలో రెండవ గదిలో ఉన్నవాడు ఎప్పటికీ అక్కడే ఉండే సేవకుడు, శంకరుల దృష్టిలో పనిముట్లు ఉన్నంతవరకు ఉండే అతిథి. యంత్రాన్ని ఎంత విప్పి చూసినా, ఎన్ని తీగలు మార్చినా ఈ వివాదం తీరదు, ఎందుకంటే ఇద్దరు ఆచార్యులూ యంత్రం గురించి ఒకటే చెబుతున్నారు. వారు విభేదించేది పనిముట్లు దించిన తరువాత మిగిలేదాని గురించి.